మనిషి నీళ్లలో పడ్డాడు

మా మేనత్త నౌకాదళానికి జెండాలు కుట్టేది. ఆ దళం పుట్టినప్పుడు దానికి మూడే ఓడలట: ఒకటి నడిచేది, ఒకటి తేలేది, మూడోది ఫొటోలకి. తీరం కాపలా, దొంగ సరుకు పట్టుకోవడం, తుఫానులో చిక్కిన జాలర్లను ఒడ్డుకు చేర్చడం, అన్నీ ఆ నడిచేదే చూసుకునేదట. నాకు ఊహ తెలిసేసరికి రేవు నిండా ఓడలే. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకునే జెండాలన్నీ అత్త కుట్టుమిషన్ కింద నుంచే పోయేవి.

ఆమె భర్త, మా మామయ్య, ఇంజను గదిలో పనివాడు. దేశాధినేత ముందు ఓడలన్నీ వరుసగా సాగే రోజున డెక్ మీంచి జారి సముద్రంలో పడ్డాడు. తోటివాళ్లు అరిచారు. ఆగితే వరుస చెదురుతుందని కెప్టెన్ ఓడ ఆపలేదు, పడవ దించలేదు. వరుస చక్కగా సాగినందుకు అతనికి పతకం వచ్చింది. అత్తకి మామయ్య బట్టల పెట్టె వచ్చింది.

అత్త మళ్లీ మిషన్ ముందు కూర్చుంది. ఆ కెప్టెన్ మెట్టు మీద మెట్టెక్కి దళానికే పెద్దయ్యాడు. పెరిగిన ప్రతి హోదాకీ కొత్త జెండా కుట్టింది అత్తే. సూది గుచ్చే తీరు చూస్తే గుడ్డ మీద జాలేసేది.

అతను రిటైరయ్యే రోజు రానే వచ్చింది. పెద్ద అధికారి చివరిసారి ఓడ దిగితే చిన్న అధికారులే తెడ్లు వేసి ఒడ్డుకు చేర్చడం దళంలో ఆనవాయితీ. ఆ వేళకు అత్త ఒక మూట చంకనెట్టుకుని సిగ్నల్ టవర్ ఎక్కింది. అక్కడి ఉద్యోగి మామయ్య స్నేహితుడు.

“ఏంటి వదినా, ఈ మూటేంటి? నాకు పరుపు కుట్టావా?”

“జెండా. నువ్వెగరేస్తావా, నన్నెగరేయమంటావా?”

విప్పి చూసి అతను కొయ్యబారిపోయాడు. ఏటవాలుగా సగం ఎరుపు, సగం పసుపు. మనిషి నీళ్లలో పడ్డాడని దాని అర్థం. మామూలు జెండా దాని జేబులో పట్టేస్తుంది, అంత పెద్దది.

“ఎవరు పడ్డారు?”

“నీ స్నేహితుడు.”

“అదెప్పటి మాట వదినా! నా ఉద్యోగం ఊడుతుంది!”

“అయితే కిందికెళ్లి టీ తాగు. తిరిగొచ్చి గుండెలు బాదుకో.”

అతను మెట్లు దిగాడు. జెండా పైకెక్కింది.

అది కనబడితే ఎంతటివాడైనా ఆగాల్సిందే. దించేదాకా ఏ పడవా కదలకూడదు, ప్రతి ఓడ మీదా హాజరు పిలవాలి. బ్యాండు మధ్యలో ఆగింది. తెడ్లు గాల్లో ఆగాయి. పెద్దాయన పడవ నడిరేవులో నిలిచిపోయింది. ఓడ తర్వాత ఓడ అందరూ ఉన్నారని చెబుతున్నా జెండా దిగదే! మిట్టమధ్యాహ్నపు ఎండలో అతని తెల్ల యూనిఫాం ఒంటికి అంటుకుపోయింది. ఒక సముద్రపు కాకి అతని టోపీ మీద వాలిందని అత్త చెప్పేది. నేను చెప్పేటప్పుడు రెండు వాలతాయి.

“పడిందెవరు?” అని పెద్దాయన పడవలోంచి అరిచాడు.

టవర్ మైకులో అత్త గొంతు మోగింది. “మా ఆయనండీ. మీ ఓడ మీంచే. పడవలు దించమనండి సార్, అప్పుడనలేదుగా!”

డెక్కుల మీద ముసలి పనివాళ్లు ఒక్కొక్కరే టోపీలు తీశారు. పెద్దాయన అటూ ఇటూ చూశాడు. తప్పించుకుందామంటే చుట్టూ నీళ్లే. “పడవలు దించండి” అన్నాడు. ప్రతి ఓడ నుంచీ పడవలు దిగి, ఎప్పుడో పోయిన మనిషి కోసం రేవంతా తిరిగాయి.

అప్పుడుగానీ అత్త జెండా దించలేదు. పెద్దాయన ఒడ్డు చేరి, టోపీ చేత్తో పట్టుకుని టవర్ కింద నిలబడ్డాడు.

“క్షమించమ్మా.”

“వినబళ్లేదు సార్!”

“క్షమించమ్మా!”

“కాస్త గట్టిగా!”

రేవంతా దద్దరిల్లేలా అతను అరవాల్సి వచ్చింది. అత్త కిటికీ మూసేసింది.

మా అత్తవి పాము చెవులు. పక్కవీధిలో సూది కింద పడినా వినబడేది.