నా చెయ్యి లేచిన ముహూర్తం

ఆ రోజుల్లో మా శంషాబాద్‌లో ప్రతి కుర్రవాడికీ ఏదో ఒక పిచ్చి ఉండేది. ఒకడికి బైకులు, ఒకడికి క్రికెట్టు, ఇంకొకడికి పక్క కాలనీ అమ్మాయి. నాకు మాత్రం పాత విద్వాంసుల కచేరీల పిచ్చి. అదెలా అంటుకుందో నాకే తెలియదు, మా వంశంలో జోలపాట సరిగ్గా పాడినవాళ్ళు కూడా లేరు. విమానాశ్రయంలో సామాన్ల బెల్టు దగ్గర అప్పుడే ఉద్యోగంలో చేరాను. గగన్‌పహాడ్‌లో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టిన స్నేహితుడొకడు ఎక్కడెక్కడి పాత రికార్డులో వెతికి, వాటి బరబరలతో సహా నా ఫోన్లోకి ఎక్కించేవాడు. వయొలిన్, వేణువు, అన్నిటికన్నా ఎక్కువగా సన్నాయి. చెవుల్లో తీగలు పెట్టుకుంటే ఇగ లోకం నాకు లేదు. మంచి సంగతి ఒకటి పడిందా, నా కుడిచెయ్యి దానంతటదే గాల్లోకి లేచేది. (ఈ చెయ్యి మూలంగా హైవే మీద షాద్‌నగర్ బస్సులు ఎన్నిసార్లు ఆగాయో చెప్పలేను. కండక్టరు తల బయటపెట్టి "ఎక్కుతవా, ఎక్కవా? గట్ల చెయ్యెందుకు లేపినవ్?" అని అడిగితే, లోపల కల్యాణి రాగం నడుస్తోందని ఎలా చెప్పను?)

అలాంటి సమయంలో మా చెల్లెకు షాద్‌నగర్ నుంచి సంబంధం వచ్చింది. పిల్లవాడు మంచివాడు, పిల్లవాడి తల్లిదండ్రులు మంచివాళ్ళు, చెల్లెకు కూడా నచ్చాడు. భయమంతా పిల్లవాడి తాతతోనే. ఆయనకు మేం పెట్టుకున్న పేరు గడియారం తాత. చేతికి ఒక గడియారం, అది ఆగిపోతుందేమోనని జేబులో ఇంకొకటి. నిశ్చితార్థం రోజున ఆయన అందరి ముందూ నింపాదిగా ఒకే మాట చెప్పాడు. "నాకు కట్నాలు వద్దు, కానుకలు వద్దు. ముహూర్తం మాత్రం ముందుకు జరగొద్దు, వెనకకు జరగొద్దు. జరిగిందా, మా పిలగాన్ని పీటల మీదికెళ్ళి లేపుకొని పోత." నవ్వుతూ అన్నాడేమోనని అందరం ఆయన ముఖం వంక చూశాం. నవ్వు లేదు. అంతకుముందు తమ బంధువుల ఇంట్లో ఒక పెళ్ళిని ఇలాగే ఆపించాడని ఆ సాయంత్రమే మాకు తెలిసింది. మా బాపు ఆ రోజునుంచి సరిగ్గా అన్నం తినలేదు.

ఇంత భయంలోనూ నా పిచ్చి నన్ను వదల్లేదు. చెల్లె పెళ్ళికి బ్యాండు వద్దు, సన్నాయి కావాలని పట్టుబట్టాను. తుక్కుగూడలో ఎవరిదో పెళ్ళికి వెళ్ళినప్పుడు ఒక పెద్దాయన సన్నాయి విన్నాను, అప్పటినుంచీ ఆయన నా మనసులోంచి పోలేదు. పాత శంషాబాద్ గల్లీలో ఉండేవాడు, అందరూ సన్నాయి సాబ్ అనేవారు. ఆయన నాన్న, తాత కూడా పెళ్ళిళ్ళకూ దేవుడి ఊరేగింపులకూ ఊదినవాళ్ళే. "డీజే లేకుంటే పోరగాళ్ళు ఊకుంటరా?" అన్నాడు బాపు. "బాపూ, నా చెల్లె పెండ్లి. నాకు ఇదొక్కటి కావాలె" అన్నాను. చెల్లె పక్కనుంచి "పోనీ బాపూ, అన్నకు గిదే పండుగ" అంది. నాకు కన్నీళ్ళొచ్చాయి. ఆ మాట అన్నందుకు తర్వాత ఆమె ఎంత భయపడిందో తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే కోపం వస్తుంది.

పెళ్ళి హైవే పక్క ఫంక్షన్ హాల్లో. మా వైపు హాళ్ళకు అన్ని హంగులూ ఉంటాయి, నెత్తిమీద విమానాలతో సహా. ఒకటి దిగుతుంటే ఆ హోరులో ఎదుటి మనిషి నోరు కదలడమే గాని మాట వినపడదు. పైగా ఆ హాల్లో ఉన్న రెండు మైకుల్లో ఒకటి ముట్టుకుంటే చాలు కుయ్యిమని కూత పెడుతోంది. మంచి మైకును ఎవరికివ్వాలి? నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, తీసుకెళ్ళి సన్నాయి సాబ్ ముందు నిలబెట్టాను. పంతులుగారిది కృష్ణాజిల్లా, మాట మెత్తన, కోపం కూడా మెత్తనే. "బాబూ, మైకు సన్నాయికిచ్చావు, బాగానే ఉంది. ఈ విమానాల కింద నేను గట్టిమేళం అని అరిస్తే డోలు అతనికి వినబడుతుందా? అతనికీ నాకూ మధ్య ఈ పూలస్తంభాలొకటి" అన్నారు. అందరూ నా వైపు చూశారు. చివరికి పంతులుగారే తీర్పు చెప్పారు. "నువ్వు సరిగ్గా మధ్యలో నిలబడు. జీలకర్ర బెల్లం పెట్టించే క్షణానికి నేను చూపుడువేలు ఎత్తుతాను. అది చూసి నువ్వు కుడిచెయ్యెత్తు. నీ చెయ్యి చూసి డోలు అతను మొదలుపెడతాడు. అంతే నాయనా, ఇంకేం లేదు."

ఇంకేం లేదట. గడియారం తాత ముహూర్తం, నా చెల్లె బతుకు, రెండూ తెచ్చి నా కుడిచేతికి కట్టేసి ఇంకేం లేదట. వేరేవాళ్ళను పెట్టమని బతిమాలదామనుకుంటే, పక్కనే నిలబడి వింటున్న తాత "మంచిది, పెండ్లిపిల్ల అన్న కంటే నమ్మకస్తుడు ఎవడుంటడు?" అనేశాడు. ఇగ నోరెలా తెరుస్తాను? ముస్తాబవుతున్న చెల్లె దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాను. పూలజడ వేస్తున్నవాళ్ళను ఆగమని ఆమె నా వైపు తిరిగి మెల్లగా అంది. "అన్నా, ఇయ్యాల ఒక్కరోజు పాట వినకు. జర చెవులు మూసుకో."

వినలేదు. అంటే వినకూడదని చాలా ప్రయత్నించాను. మండపానికీ మేళానికీ మధ్య నిలబడి, పంతులుగారి వేలి మీదే చూపు పెట్టి, మనసులో విమానాశ్రయం బెల్టుల నంబర్లు వల్లె వేసుకున్నాను. చెల్లెను తీసుకొచ్చి కూర్చోబెట్టారు. ఇద్దరి మధ్యా తెర పట్టారు. జీలకర్ర బెల్లం ముద్దలు చేతుల్లో పెట్టారు. పంతులుగారు మంత్రాలు చదువుతున్నారు, ముహూర్తానికి ఇంకా కొంచెం వ్యవధి ఉంది. గడియారం తాత ముందు వరసలో కూర్చుని చేతి గడియారం వంకా జేబు గడియారం వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. అప్పుడు సన్నాయి సాబ్ ఆనందభైరవి అందుకున్నాడు. ఆలాపనకు డోలు ఉండదు కదా, డోలు వాయించే అతను పుల్ల పట్టుకుని ఖాళీగా నా చెయ్యి వంకే చూస్తున్నాడు.

రాగం మెల్లగా మెట్లెక్కుతూ పైషడ్జమం మీద, ఆ పై 'స' మీద, నిలిచింది. సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది. హాలంతా హోరుమంది. సన్నాయి వినపడకుండా పోయింది. ఆయన ఆపేశాడనే అనుకున్నాను, ఎవరైనా ఆపేస్తారు. విమానం దూరమయ్యే కొద్దీ ఆ హోరు కిందనుంచి అదే షడ్జమం, తెగకుండా, వణక్కుండా, సన్నగా బయటికొచ్చింది. ఆ మనిషి ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో దేవుడికే తెలియాలి. నా ఒళ్ళంతా ఝల్లుమంది. చెల్లె పెళ్ళి, తాత, ముహూర్తం, అన్నీ మరిచిపోయాను. కళ్ళు మూతలుపడ్డాయి. ఆహా అని నా కుడిచెయ్యి ఆకాశానికి లేచింది.

డోలు దద్దరిల్లింది.

ఆ తర్వాత జరిగినదంతా నేను చెయ్యి దించకుండానే చూశాను. (దించడం తట్టలేదు. తట్టినా ఆ చెయ్యి నా మాట వినేలా లేదు.) గట్టిమేళం వినగానే హాల్లో అందరూ లేచి నిలబడ్డారు. పట్టుకున్న అక్షింతలు పట్టుకున్నట్టే విసిరారు. వీడియో అతను లైటు వేశాడు. పంతులుగారు రెండు చేతులూ ఊపుతూ ఆగండి ఆగండి అంటున్నట్టున్నారు, మైకు లేదు కదా, ఒక్క ముక్క వినపడలేదు. లేచి నిలబడ్డవాళ్ళ వీపుల మధ్యనుంచి నాకు తెర కనబడలేదు. ముద్ద నెత్తిన పడిందా, పడలేదా? పడితే అయిపోయినట్టే. ముహూర్తం కానప్పుడు పెళ్ళి అయిపోయినట్టు, తాత మనవణ్ణి లేపుకొని పోయినట్టు, చెల్లె పీటల మీద ఒక్కతే కూర్చున్నట్టు, అన్నీ కళ్ళముందే కనబడ్డాయి. నా మోకాళ్ళు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. బాపు నా వైపు చూసిన చూపు మాత్రం నేనిప్పుడు కూడా రాయలేను.

పూలస్తంభం పక్కనుంచి తొంగిచూసి ఎవరో డోలును ఆపించారు. హాలు నిశ్శబ్దమైంది, జనం కూర్చున్నారు, నాకు తెర కనబడింది. తెర పైనుంచి పెళ్ళికొడుకు చెయ్యి ముద్దతో సహా ఇటు వచ్చి ఉంది, చెల్లె నెత్తికి జానెడు దూరంలో. ఆ చెయ్యి మణికట్టును గాజుల చెయ్యి ఒకటి గట్టిగా పట్టుకుని ఉంది. చెల్లె చేతిలోని జీలకర్ర బెల్లమంతా పెళ్ళికొడుకు మణికట్టుకు పూసుకుపోయి కారుతోంది.

గడియారం తాత మండపం ఎక్కాడు. "పెట్టిండ్రా?" అన్నాడు.

"పెట్టలే తాతా" అంది చెల్లె, తలవంచుకునే. "మేళం చప్పుడు కాంగనే ఈయన పెట్టబోయిండు, నేను పట్టుకున్న. పంతులు చెప్పలే కదా. అది మా అన్న పాటకు లేపిన చెయ్యి."

"నీకెట్ల తెలుసు?"

"నేను కూడా విన్న కదా తాతా. గంత మంచిగ ఊదితే మా అన్న చెయ్యి ఆగదు."

పంతులుగారు అందుకుని ముద్ద శిరస్సును తాకలేదు గనుక ఏ దోషమూ లేదనీ, మణికట్టుది లెక్కలోకి రాదనీ చెప్పారు. అమ్మ పరుగున వెళ్ళి కొత్త ముద్ద నూరి తెచ్చింది. తాత మాత్రం మండపం దిగి తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండుననుకున్నాను. కుర్చీ ఒకటి లాక్కుని నా పక్కన కూర్చుని, ఇంకా గాల్లోనే ఉన్న నా చెయ్యిని కిందికి లాగి తన ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. అప్పుడు తెలిసింది, ఆయన చేతులు నా మోకాళ్ళకంటే ఎక్కువ వణుకుతున్నాయి.

"నా బిడ్డ పెండ్లిల ముహూర్తం తప్పింది" అన్నాడు, నా ముఖం చూడకుండా. "వరపూజల కాడ లొల్లి పెట్టుకొని అందరం టైం మర్చిపోయినం. ఏడాది తిరగకుండనే నా బిడ్డ పోయింది. ముహూర్తంతోనే పోయిందో, ఎట్ల పోయిందో, నాకెరుక లేదు పిలగా. అప్పటి సంది నాకు భయం."

ఇన్నాళ్ళూ ఆయన్ను చూసి మేం వణికిపోయాం, ఆయన మాకంటే ఎక్కువ వణికిపోతున్నాడని ఎవరికి తెలుసు? ఆ చేతుల్లో నా చెయ్యి అలాగే ఉంచాను. సన్నాయి సాబ్ మళ్ళీ మొదలుపెట్టాడు, ఈసారి నాకేమీ వినపడలేదు. పంతులుగారి వేలు లేచింది. నేను కదిలేలోపే తాత నా మణికట్టు పట్టుకుని, తన చేతితోనే నా చెయ్యిని పైకెత్తాడు. డోలు మోగింది, తెర దిగింది. అక్షింతలు అయిపోయాయని ముందు వరసవాళ్ళు కిందపడ్డవే ఏరుకుని మళ్ళీ వేశారు. తాత గడియారం చూడలేదు, మండపం వంకే చూస్తూ కళ్ళు తుడుచుకున్నాడు.

భోజనాల దగ్గర సన్నాయి సాబ్‌కు ముఖం చూపించలేక స్తంభం చాటున నిలబడితే, ఆయనే పిలిచాడు. తప్పయిపోయిందని చేతులు జోడించాను. "తప్పేంది బేటా" అని నవ్వాడు. "గింత వయసొచ్చింది, ఎన్ని పెండ్లిళ్ళల్ల ఊదిన్నో యాదికి లేదు. మేం ఊదుతుంటే జనం కూరల గురించి మాట్లాడుకుంటరు. వాళ్ళది తప్పు కాదు, పెండ్లంటే గంతే. ఇయ్యాల నా షడ్జమానికి హాలు హాలంత లేచి నిలబడి అక్షింతలు ఏసింది. పెద్ద పెద్ద ఉస్తాదులకు గూడ గిట్ల పడి ఉండయి." నవ్వుతూనే నా భుజం మీద చెయ్యి వేశాడు, ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

ఆయన పోయి కొన్నేళ్ళయింది, గడియారం తాత కూడా పోయాడు. నేనిప్పుడు నగరంలో పెద్ద పెద్ద కచేరీలకు వెళ్తాను. రాగం పేరు చెప్పగలను, ఎక్కడ శ్రుతి జారిందో పక్కవాడి చెవిలో వేయగలను. ఎవరైనా పైషడ్జమం మీద అద్భుతంగా నిలబడితే బాగుందని తలాడిస్తాను, చేతులు మాత్రం ఒళ్ళోనే ఉంటాయి. మొన్న నా వెంట వచ్చిన చెల్లె, కచేరీ అయ్యేదాకా నన్నే గమనించి, బయటికొచ్చాక అంది. "మంచిగ కూసున్నవన్నా. కానీ నువ్వు వింటున్నవో లేదో నాకే సమజ్ కాలే." అవునని నవ్వాను. ఆ హాల్లో మోకాళ్ళు కొట్టుకుంటూ చెయ్యెత్తి నిలబడ్డ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇన్నాళ్ళూ సిగ్గూ భయమూ కలిగేవి, ఇప్పుడు మాత్రం కొంచెం అసూయగా ఉంటుంది.