వేరున్న మొద్దు మీద కాలు

మా అత్త గోవిందమ్మాళ్‌కు భయపడని కోడలు ఆ ఊళ్లో లేదు. నేను ఆమె సొంత కోడలిని, ఇక నా సంగతి చెప్పనక్కరలేదు. కోవిల్‌పట్టికి తూర్పున, ఒట్టపిడారం పోయే దారిలో, తమిళదేశపు నల్లరేగడి మధ్య, తెలుగు మాట్లాడే మా పల్లె. తనకు ముప్పై ఏళ్లు నిండకముందే మామ పోతే, ఒక్క సెంటు భూమి బీడు పడనివ్వకుండా సేద్యం చేయించిన మనిషి. పత్తి తీసేటప్పుడు నా వెనకే నడిచి, నేను వదిలేసినదంతా ఏరి సాయంత్రం నా ఒళ్లో పోసేది. నోరు విప్పేది కాదు. ఆ పోయడమే తిట్టు.

ఆ ఇంటి వేల్పుకు ముఖం లేదు, చేతులు లేవు. పెరట్లో పడమటి మూల, వేళ్లతో సహా నేలలో నిలిచిన వేపమొద్దు, అంతే. అందుకని ఆ ఇంట్లో ఒక కట్టడి ఉంది. వేరున్న మొద్దు ఎక్కడ కనిపించినా అది అమ్మవారి పీట. దానిమీద ఆ ఇంటి ఆడది కాలు పెట్టకూడదు. పెడితే బిడ్డ నిలవదు. మగవాళ్లకు ఈ కట్టడి లేదు. వాళ్లకెందుకుంటుంది?

నాకు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. ఇద్దరూ ఏడో రోజునే. రెండోసారి అత్త నా పక్కన కూర్చుని అడిగింది.

"ఎక్కడన్నా తొక్కినావా? యోచన చేసి చెప్పు."

"లేదత్తా."

ఆమె నమ్మలేదు. నిజం చెప్పాలంటే నాకే నమ్మకం లేదు. చేలోనో, దారిలోనో, తలమీద మోపుతో వస్తున్నప్పుడో ఎక్కడ కాలు పడిందో ఎవరు చూశారు?

మూడోసారి ఐదో నెల. ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడాది, కార్తీకమాసం. గాలివాన వెలిసిన వారానికి, ఎండుచేపలు అమ్మే ఇసక్కియమ్మాళ్ మా వాకిట్లో గంప దించి ఒక వింత చెప్పింది. ఒడ్డున ఇసుకనంతా సముద్రం లాక్కుపోయిందట. కింద ఏనాటిదో అడవి బయటపడిందట. చెట్లు లేవు, మొద్దులే, వేళ్లతో సహా.

"ఎన్ని ఉండాయి?" అంది అత్త.

"ఎంచితే తరగవు తాయీ. మా తాత కూడా చూసింది లేదు."

అత్త చేతిలో చేట ఆగిపోయింది. అన్ని పీటలు ఒక్కచోట! అక్కడ పసుపునీళ్లు పోసి మొక్కుకుంటే ఈ బిడ్డ నిలుస్తుందని ఆమెకు తోచింది. కడుపుతో ఉన్నదాన్ని బండిలో అంత దూరం కుదిపి తీసుకుపోవచ్చా అని మా ఆయన గొణిగాడు.

"నీకు తెలిసింది ఎద్దులే. నోరు మూసుకో" అంది తల్లి.

మూసుకున్నాడు. ఆ పని ఆయనకు బాగా వచ్చు.

కోడికూతకు అత్తా నేనూ బయలుదేరి, బండి తోలే కరుప్పయ్య వెంట మధ్యాహ్నానికి చేరాం. నేను సముద్రం చూడటం అదే మొదలు. అత్తకూ అదే మొదలని ఆమె చెప్పలేదు, పసుపునీళ్ల చెంబును రెండు చేతులా గుండెకు హత్తుకోవడం చెప్పింది. నీళ్లు వెనక్కి పోయి ఉన్నాయి. ఒడ్డు పొడవునా నల్లటి మొద్దులు, ముసలి ఎద్దు దవడపళ్లలా అరిగి, నోరు తెరిచినట్టు ఉన్నాయి. వాటి మధ్య నల్లటి బురద. కుళ్లిన గడ్డి వాసన. అంత ఒడ్డున ఒక్క పిట్ట వాలలేదు.

ఇసక్కియమ్మాళ్ గుడిసె అక్కడే. మమ్మల్ని చూసి వచ్చి, మొద్దు మీంచి మొద్దు మీదికి మేకపిల్లలా దూకుతూ ముందు నడిచింది.

"వాటిమీదే కాలు పెట్టి రండి తాయీ, మధ్యలో బురద మింగుతుంది. తొందరగా రావాల, నీళ్లు తిరిగే వేళయింది" అని తమిళంలో కేకేసింది.

"దానికి భయభక్తులు లేవు. మనం కిందనే నడుస్తాం" అంది అత్త నాతో.

కిందనే నడిచాం. పోయేటప్పుడు బురద చీలమండ దాకానే. అన్నిటికంటే పెద్ద మొద్దుకు అత్త పసుపునీళ్లు పోసి, కుంకుమ పెట్టి, కళ్లు మూసుకుని ఎంతసేపు నిలబడిందో. నేను తిరిగి చూశాను. ఇందాక దూరంగా కనిపించిన మొద్దులు ఇప్పుడు లేవు.

"అత్తా, నీళ్లు వస్తుండాయి."

"వస్తే పోతాయి. నువ్వు మొక్కు."

మా ఊళ్లో నీళ్లు ఆకాశం నుంచి పడతాయి, అవీ దయ కలిగితే. నేలమీద నడిచి వస్తాయని మాకేం తెలుసు?

తిరిగి వచ్చేటప్పుడు ఆ బురద అది కాదు. గట్టి ఇసుకకు నాలుగడుగుల ఇవతల నా కుడికాలు మోకాలి దాకా దిగింది. దాన్ని లాగబోతే ఎడమకాలు తొడ దాకా దిగింది. లోపల ఎవరో పాదం పట్టుకున్నట్టే ఉంది. నా ముందర, చేతికందే దూరంలో, ఆఖరి మొద్దు. దాని అవతల ఇసుక.

ఇసక్కియమ్మాళ్ ఆ మొద్దెక్కి నా రెండు చేతులూ పట్టి లాగింది. కుడికాలు వచ్చింది. ఇక ఆ కాలు మొద్దు మీద మోపితేనే రెండోది వస్తుంది.

"పెట్టు తాయీ!"

"పెట్టను. బిడ్డ పోతుంది."

"నువ్వే పోతే బిడ్డ ఎక్కడుంటుంది?"

అల వచ్చి నడుము తాకింది. తరువాతిది రొమ్ము దాకా వచ్చింది. చావు భయం ఒకవైపు, ఆ మొద్దు భయం ఒకవైపు. కాలు గాలిలోనే ఉంది, కిందికి దిగదు.

అత్త నా పక్కనే ఉంది. ఎండు మనిషి కాబట్టి మోకాలి దాకానే దిగింది. నన్ను చూసింది, అలను చూసింది. చెంబు విసిరేసి, బురదలో పాకి, ఆ మొద్దు మీద బోర్లా పడింది. ఇసక్కియమ్మాళ్ ఇసుక మీదికి జరిగి నా చేతులు వదలకుండా పట్టుకుంది.

"నా వీపు మీద పెట్టు" అంది అత్త.

"మీ మీద కాలా అత్తా?"

"దానిమీద పెడితే బిడ్డకు, నా మీద పెడితే నాకు. తొక్కవే!"

తొక్కాను. ఆమె వెన్నెముక నా అరికాలికి తగిలింది. ఎడమకాలు బురదలోంచి ఊడి వచ్చింది. ఆమె భుజం తొక్కి ఇసుక మీద పడ్డాను. వెనక అల ఆమె మీదుగా వచ్చింది. మనిషి కనబడలేదు. ఎద్దుల దగ్గరున్న కరుప్పయ్య పరిగెత్తుకొచ్చి, నీళ్లలో తడిమి, రెట్టలు పట్టి లాగాడు. అప్పుడు కూడా పాదాలు మొద్దుకు తగలకుండా కాళ్లు ముడుచుకునే ఉంది.

ఉప్పునీళ్లు కక్కి, మొదట అడిగింది ఒక్కటే.

"కదులుతుండాదా?"

"కదులుతుండాది."

బండిలో చాలా దూరం వచ్చాక మళ్లీ మాట్లాడింది. "కాలు పెట్టడమే తప్పయితే, నా ఒళ్లంతా పడేసినాను. ఇది ఎంత తప్పో నాకు తెలీదు. ఎవరితోనూ అనవద్దు."

ఆ రోజు నుంచి వేల్పు దగ్గరికి పోలేదు, పసుపు నా చేతనే రాయించింది. నన్ను తాకలేదు. అన్నం గిన్నె కూడా నేలమీద పెట్టి జరిపేది. తన తప్పు నాకు అంటుకుంటుందని ఆమె భయం. అంత మనిషి భయపడటం చూసి నాకు భయం.

ఫాల్గుణంలో ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని అందించబోతే అత్త వెనక్కి జరిగింది. గడప అవతల చాప వేసుకుని అక్కడే ఉండిపోయింది. పాప ఏడిస్తే భయం, ఏడవకపోతే మరీ భయం. ఏడో రోజు మధ్యాహ్నం దాకా పాప పాలు పట్టలేదు. నేను చెప్పలేదు, అయినా ఆమెకు తెలిసిపోయింది. గడప అవతల ఊపిరి కూడా వినబడలేదు. పొద్దు వాలాక పాప పాలు పట్టింది.

తెల్లవారింది.

"ఏమే, ఈ దినం ఎన్నోది?"

"ఎనిమిది, అత్తా."

"సరిగ్గా ఎంచినావా?"

"ఎంచినాను."

"మళ్లీ ఎంచు. నాకు వినబడాల."

శుక్రవారంతో మొదలుపెట్టి, వేళ్లు మడుస్తూ గట్టిగా ఎంచాను. మళ్లీ శుక్రవారం దగ్గర ఎనిమిదో వేలు మడిచాను. ఆమె లేచి గడప దాటింది. చేతులు కొంగుకు రెండుసార్లు తుడుచుకుని చాచింది.

"ఇట్ల ఇయ్యి. తల పట్టుకోను నీకు చేతకాదు."