భీమలింగం పోసిన మట్టి

ద్రాక్షారామానికి క్రోసు దూరంలో, కాలవ గట్టు దిగగానే ఉన్న జంగాలపాలెం రుద్రభూమిలో పన్నెండుమంది కూర్చుని ఉన్నారు. పడుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు గాని, ఊరు చెప్పుకునేది కూర్చున్నవాళ్ళ గురించే. తాసీల్దారు వేషం కట్టుకుని కచేరీకి వెళ్తే అసలు తాసీల్దారే లేచి నమస్కారం పెట్టిన పగటివేషాల నందప్ప అక్కడే ఉన్నాడు. గోదావరి పుష్కరాల్లో తెల్లవార్లూ గుమ్మెట వాయించి, ఒకే రోజున మూడు శాలువాలు కప్పించుకున్న గౌరమ్మ అక్కడే ఉంది. రెండూళ్ళ మధ్య పదేళ్ళు నలిగిన నీళ్ళ తగువును ఒక్క పూటలో తెగ్గొట్టిన మఠం అయ్యవారూ అక్కడే. ప్రతి శివరాత్రికీ పెద్దలు ఆ పన్నెండు పేర్లూ వరసగా పలుకుతారు. ఇంత చిన్న పాలేనికి అంత పెద్ద వరస ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు.

ఆ పన్నెండు గోతుల్లో తొమ్మిది తీసినవాడు భీమలింగం. అతని పేరు మాత్రం ఏ వరసలోనూ లేదు.

కథ చెప్పో, వేషం కట్టో, తగువులు తీర్చో పాలేనికి పేరు తెచ్చినవాళ్ళను జంగాలు కాల్చరు, పడుకోబెట్టరు. చేతిలో లింగం పెట్టి, ఉత్తరం మొహంగా భూమిలో కూర్చోబెడతారు. ఆ గొయ్యికి కొలత పోయినవాళ్ళ పాదమే. పాదం పొడుగుకి సరిగ్గా తాటికమ్మ ముక్క కోసుకుని గోతి తీసేవాడు లోపలికి దిగుతాడు. ఒక్కొక్క అడుగు లోతు దిగినప్పుడల్లా కమ్మ పెట్టి చూసి, కేక వేస్తాడు. గోతిలోంచి కేక పైకి సరిగ్గా వినపడదు కనక, గట్టున కూర్చున్న ఇంటివాళ్ళు ఆ కేక అందుకుని గుమ్మెట మీద ఒక దెబ్బ వేస్తారు. దూరంగా కూర్చున్న పెద్దలు ఆ దెబ్బలు లెక్కపెడతారు. తొమ్మిది దెబ్బలు పడాలి. శవం దిగేదాకా గోతిలోకి ఇంకెవరూ తొంగిచూడకూడదు. తొమ్మిదికి తగ్గితే అది సమాధి కాదు, పాతర. పాతర వేసినవాడి పేరు శివరాత్రి వరసలోకి ఎక్కదు.

భీమలింగం ఇరవయ్యో ఏట గునపం పట్టాడు. అతను తీసిన గోతి గోడలు అరిచేత్తో రాసినా మట్టి రాలనంత నున్నగా ఉండేవి. కొలతలో అతను పిసినారి. గోరంత తక్కువున్నా కేక వేసేవాడు కాదు. వానొచ్చినా, వచ్చినవాళ్ళకు ఆకలేసినా, కులపెద్ద పాపాయి విసుక్కున్నా వేసేవాడు కాదు.

ధవళేశ్వరం ఆనకట్ట లేచిన అయిదారేళ్ళకి పాలెం పక్కకి కాలవ వచ్చింది. చోళ్ళు పండిన చోట వరి పండింది. అంబలి తాగినవాళ్ళు అన్నం తిన్నారు. ఊరంతా కాలవకి దండం పెట్టింది, పెట్టవలసిందే. భీమలింగం కూడా పెట్టాడు. కాని ఆ తర్వాత తీసిన మొదటి గోతిలోనే, తొమ్మిదో అడుగున మట్టి అతని అరికాలికి చల్లగా తగిలింది. ఇంకో నాలుగేళ్ళకి ఎనిమిదో అడుగులోనే చెమ్మ కనబడింది. మఠం అయ్యవారి గోతిలో నీళ్ళు కడవతో తోడి, ఇసక పోసి, మళ్ళీ తోడి, ఎలాగో తొమ్మిది అనిపించాడు. ఆ సంగతి పైకెక్కి ఎవరికీ చెప్పలేదు. వేసవిలో కాలవ కట్టేసినప్పుడు నీరు కిందికి దిగేది. అందుకని ముసలివాళ్ళెవరైనా మంచాన పడితే అతను మనసులో నెలలు లెక్కపెట్టుకునేవాడు.

ఈ మాట ఒక్క కోటిలింగానికి చెప్పాడు. కోటిలింగం అంటే అప్పట్లో తుని నుంచి నరసాపురం దాకా తెలియనివాళ్ళు లేరు. తంబురా భుజానికెత్తి యుద్ధం ఘట్టం మొదలుపెడితే పందిట్లో కూర్చున్న రైతులు తెలియకుండానే కర్రలు పట్టుకుని లేచేవారు. ఏడుపు ఘట్టం చెబితే వంటశాలలో గరిటె ఆగిపోయేది. పక్కన గుమ్మెట అతని భార్య అచ్చాయమ్మది. నలభై ఏళ్ళు ఆమె చెయ్యి తాళం తప్పలేదు. కోటిలింగం, భీమలింగం వరసకి బావలు. ఇద్దరూ అరుగు మీద కూర్చుంటే మూడో మనిషికి మాట అందనిచ్చేవారు కాదు.

"చూసుకో బావా," అంటూ ఒకనాడు కోటిలింగం పాదం ఎత్తి అతని ఒళ్ళో పెట్టాడు. "ఇంత పాదం పాలెంలో ఇంకెవరికైనా ఉందా? తొమ్మిది తియ్యాలంటే నీ నడుం విరగాల్సిందే."

"నడుం సంగతి నాకొదిలెయ్. నువ్వు మాత్రం వేసవిలో పో బావా. కాలవ కట్టేస్తారు, నీకు పది తీస్తాను."

"వేసవిలోనా? అన్నీ పెళ్ళిళ్ళేనయ్యా! ఊరికొక కథ ఒప్పుకుంటాను. చావడానికి నాకు తీరికెక్కడిది?"

అచ్చాయమ్మ లోపల్నుంచి కసిరింది. "సంధ్యవేళ ఏంటండీ ఆ మాటలు! అన్నయ్యా, నీకైనా బుద్ధి లేదా?"

కోటిలింగం నవ్వి పాదం తీసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "నవ్వులాటకి కాదు బావా. నేను చచ్చిపోయాక నా కథలు ఎవరు చెప్పినా వాళ్ళ కథలే అవుతాయి. మిగిలేది శివరాత్రికి పలికే ఆ పేరొక్కటే. అది పోనివ్వకు."

"పోనివ్వను," అన్నాడు భీమలింగం.

ధాత కరువు వెళ్ళిన రెండో ఏడు, బహుధాన్య భాద్రపదంలో, తొమ్మిది రోజుల వాన తర్వాత కోటిలింగం పోయాడు. కాలవ గట్టుదాకా నిండి ఉంది. చేలల్లో మోకాలిలోతు నీళ్ళు. భీమలింగం రుద్రభూమికి వెళ్ళి గునపం దింపి చూసి, అది వదిలేసి తిన్నగా ఊరి ఆసామి చంద్రరావు గారి ఇంటికి నడిచాడు. పాలెం పక్కన మెరక అంటూ ఉన్నది ఆయన కొబ్బరితోట దిబ్బ ఒక్కటే.

"ఏంటి భీమలింగం, ఈ వానలో తడుస్తూ?"

"కోటిలింగం పోయాడండి."

చంద్రరావు గారు కుర్చీలోంచి లేచారు. ఆయన కళ్ళు నిజంగానే తడిశాయి. "అయ్యో! వైశాఖంలో మా అమ్మాయి పెళ్ళికి మూడు రాత్రులు చెప్పాడయ్యా. మా అమ్మ ఇంకా ఆ మాటలే చెప్పుకుంటోంది."

"అందుకే వచ్చానండి. రుద్రభూమంతా ఊట. తమ దిబ్బ మీద ఓ మూల ఆయనకి చోటు ఇప్పించాలండి. కూర్చున్న మనిషికి ఎంత కావాలండి?"

ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. "కథ చెప్పడానికైతే దిబ్బంతా ఇచ్చేవాణ్ణి. శవాన్ని పెట్టడానికి ఎలా ఇవ్వనయ్యా? ఆడవాళ్ళు తిరిగే తోట. రేపు మా అమ్మ అటు అడుగు పెట్టదు. ఇంకేం కావాలన్నా అడుగు."

భీమలింగం ఇంకేమీ అడగలేదు. సమాధిలో పోసే ఉప్పు మాత్రం రెండు బస్తాలు ఆయనే బండి మీద పంపించారు.

మధ్యాహ్నానికి తాటాకు పందిరి కింద గొయ్యి మొదలైంది. పాపాయి, మిగతా పెద్దలు చింతచెట్టు కింద గొంగళ్ళు కప్పుకుని కూర్చున్నారు. గట్టున అచ్చాయమ్మ ఒడిలో గుమ్మెట పెట్టుకుని కూర్చుంది. తడవకుండా దానిమీద తన చీరకొంగే కప్పింది.

భీమలింగం ఒకటి అన్నాడు. దెబ్బ పడింది. రెండు అన్నాడు, పడింది. అయిదు దాకా మట్టి గట్టిగానే నిలిచింది. ఆరో అడుగులో గోడలు కన్నీరు పెట్టినట్టు ఊటెత్తాయి. ఏడో అడుగుకి గంటన్నర పట్టింది. తోడిన కడవ పైన ఒంపి వచ్చేలోపు నీరు మళ్ళీ చీలమండ దాటేది. ఏడు అన్నాడు. దెబ్బ పడింది. గునపం ఇంకోసారి దింపగానే తూర్పు గోడ మోచెయ్యంత మేర కిందికి జారింది. ఇంకోసారి దింపితే గొయ్యే ఉండదు.

అతను గునపం గోడకి ఆనించి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళలో కొలత తక్కువైన గోతిలో అతను నిలబడింది అదే మొదటిసారి. పైకెక్కి, పాపాయి ముందుకు వెళ్ళి, ఏడు దగ్గర ఆగిపోయిందని చెప్పాలి. చెబితే ఇన్ని ఊళ్ళని ఏడిపించి నవ్వించిన మనిషి పాతర పాలవుతాడు. చెప్పక తప్పదు. ఎనిమిది అని అబద్ధపు కేక వెయ్యడానికి అతనికి నోరు రాదు.

"ఏంటోయ్, నిద్రపోయాడా లోపల?" చింతచెట్టు కిందనుంచి పాపాయి గొంతు వినిపించింది. "పొద్దు వాలుతోంది. చెప్పమ్మా, మీ అన్నయ్యకి!"

భీమలింగం నిచ్చెన మీద కాలు పెట్టాడు.

అప్పుడు పైన గుమ్మెట మోగింది. ఒక్క దెబ్బ.

అతను కేక వెయ్యలేదు. తలెత్తి చూశాడు. వానా, పందిరి అంచూ, వాటి మధ్య ఆమె మొహం. ఆమె అతని వైపు చూడటం లేదు, ఎదురుగా ఎక్కడో చూస్తోంది. అతని కాలు నిచ్చెన మీంచి జారి మళ్ళీ నీళ్ళలోకి దిగింది. చాలాసేపు, అంటే ఒక అడుగు మట్టి తియ్యడానికి ఎంత పడుతుందో అంతసేపూ, ఆమె ఆగింది. నలభై ఏళ్ళు తాళం పట్టిన చెయ్యి కదా, ఎంత ఆగాలో దానికి తెలుసు. అంతసేపూ అతను ఊరికే నిలబడి ఉన్నాడు. తర్వాత తొమ్మిదో దెబ్బ పడింది.

"శివ శివ!" అంటూ పెద్దలు లేచారు.

ఉప్పు బస్తాలు రెండూ అడుగున కుమ్మరించి, ఇసక పోసి, మారేడాకులు పరిచి, కోటిలింగాన్ని కూర్చోబెట్టారు. ఆ ఏటి శివరాత్రికి పాపాయి పన్నెండో పేరు పలికాడు. జనం అంత గట్టిగా ఏ పేరుకీ బదులు చెప్పలేదు. భీమలింగం ఆ రోజు రుద్రభూమికి రాలేదు.

మళ్ళీ గునపం కూడా పట్టలేదు. ఎవరడిగినా, "ఇక్కడ నీళ్ళండి, తొమ్మిది దిగదు," అనేవాడు. ఆ తర్వాత పాలెంలో ఎవర్నీ కూర్చోబెట్టలేదు.

కాని వేసవి రాగానే అతను తట్ట తీసుకుని గౌతమి పాయ దాకా నడిచేవాడు. పొడి ఇసక, ఒండ్రుమట్టి మోసుకొచ్చి కోటిలింగం సమాధి మీద పోసి, కాళ్ళతో తొక్కి, చేత్తో చదును చేసేవాడు. మోకాళ్ళు వాచాయి. పాలెంలో నవ్వారు. "మనిషి ఉన్నన్నాళ్ళు అరుగు వదల్లేదు, పోయాక గోరీ వదలడం లేదు," అని పాపాయే అన్నాడు.

నాలుగో వేసవిలో అచ్చాయమ్మ మజ్జిగ చెంబు పట్టుకుని అక్కడికి వచ్చింది. ఇద్దరూ ఆ దెబ్బల మాట అంతవరకూ ఎత్తలేదు.

"ఎందుకన్నయ్యా ఇంత చాకిరీ? తప్పు నాది. చెయ్యి నాది."

"గొయ్యి నాది కదమ్మా." అతను మజ్జిగ తాగి మూతి తుడుచుకున్నాడు. "కిందకి తియ్యలేని రెండడుగులూ పైకి పోస్తున్నాను. మొత్తం తొమ్మిది అవుతుంది."

"అలా చెల్లుతుందా?"

"తెలీదమ్మా. అడగడానికి ఎవరున్నారు?"

ఏటా వానలకి అతను పోసిన దాంట్లో సగం జారిపోయేది. కింద ఉప్పు కరిగేకొద్దీ మధ్యలో గుంట పడేది. అతను మళ్ళీ పోసేవాడు. అలా పదకొండు వేసవులు పోశాడు. విరోధి నామ సంవత్సరం కార్తీకంలో, ఎవరికీ పెద్దగా తెలియకుండానే పోయాడు. అతన్ని అందరిలాగే మొలలోతులో పడుకోబెట్టారు.

మూడో రోజున అచ్చాయమ్మ మొగుడి పాత చెప్పు ఒకటి వెతికి తీసుకుని రుద్రభూమికి వెళ్ళింది. సమాధి పక్కన చెప్పు నిలబెట్టి, పోసిన మట్టి ఎత్తు కొలిచింది. ఒక అడుగూ, పైన నాలుగు వేళ్ళూ వచ్చింది. ఇంకోసారి కొలిచింది. అంతే వచ్చింది.

మరుసటి ఏటి వానలకి ఆ నాలుగు వేళ్ళూ పోయాయి.