ఆకాశాన్ని చూడవలసిన చెయ్యి

పోయిన ఆదివారం మా మేనల్లుడు, అంటే మా చెల్లెలి కొడుకు, నా పాత ఎముకల డబ్బా కోసం వచ్చాడు. ఈ ఏడే వైద్యకళాశాలలో చేరాడు. మొదటి సంవత్సరం పిల్లలకు చదువుకునే ఎముకలు దొరకడం మా రోజుల్లో ఎంత కష్టమో ఇప్పుడూ అంతేనట. అటక మీదినుంచి ఆ రేకు డబ్బా దించి, పాత వార్తాపత్రికల్లో చుట్టిపెట్టిన ఒక్కొక్క ఎముకనూ విప్పి చాప మీద పరిచాను. ముంజేతి ఎముకలు రెండూ వాడి చేతికి వచ్చాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తూ, "అమ్మ చెయ్యి పాడుచేసింది ఆ ఆనేకల్ తాతే కదా మామా? ఈ రెండెముకలకీ తేడా కూడా ఆయనకు తెలిసుండదు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ముప్పై ఏళ్ళుగా మా ఇంట్లో ఎవరు ఆ మాట అన్నా నవ్వడమో తల ఊపడమో చేస్తూ వచ్చాను కనుక, ఆ రోజూ అలాగే జరిగిపోయింది. డబ్బా వచ్చే ఆదివారం తీసుకుపోతానని వాడు వెళ్ళాక మాత్రం, ఆ ఎముకలను మళ్ళీ కాగితాల్లో చుట్టలేక, చాప మీద అలాగే వదిలేశాను. దుఃఖమేమీ రాలేదు. రాకపోవడమే నాకు విచిత్రంగా తోచింది.

యుద్ధం ముగిసీ ముగియని రోజులవి. బియ్యమూ గుడ్డా కిరసనాయిలూ అన్నీ కార్డు మీద తెచ్చుకునేవాళ్ళం. బెంగుళూరు బాళేపేటలో ఒక సందులో మా ఇల్లు. నాన్న నూలు దుకాణంలో గుమాస్తా. మా వంశంలో డాక్టరు చదువుకు వెళ్ళినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఇంట్లో నాకు కొంచెం ఎక్కువ గౌరవమే ఉండేది, ఒక్క ఎముకల విషయంలో తప్ప. చచ్చినవాళ్ళ ఎముకలు ఇంట్లోకి తెస్తే వంటింటి గడప తొక్కనివ్వనని అమ్మ ఖండితంగా చెప్పడంతో డబ్బాను మిద్దె మీద ఒక మూల ఉంచుకుని, చదువు అయ్యాక ఎంత చలిలోనైనా పెరట్లో తలమీద నీళ్ళు పోసుకుని లోపలికి వచ్చేవాణ్ణి. మా చెల్లెలికి అప్పుడు తొమ్మిదేళ్ళు. దానికి ఆ ఎముకలంటే భయం లేదు. నేను కంఠస్థం చేస్తుంటే ఎదురుగా కూర్చుని పేర్లు నాకన్నా ముందే చెప్పేది.

అమ్మకు అన్న, మా మేనమామ, ఆనేకల్‌లో మగ్గం నేసేవాడు. మగ్గంతోపాటు వాళ్ళ పెద్దల నుంచి ఆయనకు ఎముకలు కట్టే విద్య వచ్చింది. పగిలిన కుండపెంకులను తవుడు నింపిన సంచిలో వేసి, కళ్ళతో చూడకుండా చేతులు లోపలికి పెట్టి, పెంకుకు పెంకు కలిపి మళ్ళీ కుండ చెయ్యడం వాళ్ళింట్లో పిల్లలకు మొదటి పాఠమట. కట్టు కట్టినందుకు ఆకువక్క, ఒక టెంకాయ తప్ప ఇంకేమీ ముట్టేవాడు కాదు. ఇదిగాక వాళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. ఒక్క ఎముక తప్పుగా అతికినా, అతికించిన చెయ్యి జన్మలో మళ్ళీ ఎముక పట్టకూడదు. ఆ మాట మా అమ్మ గొప్పగా చెప్పుకునేది. మామ కట్టుకు ఒక గుర్తు కూడా ఉండేది. తెగిన పోగును నేతగాళ్ళు కలిపే పద్ధతిలోనే గుడ్డకు ముడి వేసి, కొసను చిటికెనవేలి వైపుకు లోపలికి దూర్చేవాడు. ఆ ముడి నాకు నేర్పమని చిన్నప్పుడు అడిగితే నేర్పాడు గాని, నా వేళ్ళకు రాలేదు.

విమానాలు బాంబులు వేస్తాయని మా పేట దగ్గర మైదానంలో కందకాలు తవ్వి, తరువాత పూడ్చకుండా వదిలేశారు. పిల్లలకు వాటి మీదుగా దూకడం ఆట. ఒక సాయంకాలం మా చెల్లెలు దూకి అవతలి గట్టు అందుకోలేక కుడిచెయ్యి మీద పడింది. ముంజెయ్యి మోచేతికి కొద్దిగా కిందుగా వంగిపోయింది. ఆస్పత్రికి తీసుకుపోదామని నేనన్నాను. అన్న ఉండగా ఆస్పత్రి దేనికని అమ్మ కబురు పంపింది. మర్నాడు పొద్దున బొగ్గుతో నడిచే బస్సులో పొగచూరి దిగాడు మామ.

ఆయన చెల్లెలి చేతిని ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని బొటనవేళ్ళతో తడిమి, నా వైపు తిరిగాడు.

"ఏమల్లుడా డాక్టరూ, దీనికి మీ పుస్తకంలో పేరేమి?"

రెండెముకల పేర్లూ ఇంగ్లీషులో చెప్పాను.

"పేర్లు బాగుండాయి. మేము దీన్ని నిలిచే ఎముక అంటాము, దాన్ని తిరిగే ఎముక అంటాము. తిరిగేదే విరిగిండాది." తరువాత చెల్లెలితో, "తల్లీ, ఆ గోడమీద కాకికి ఎన్ని కాళ్ళుండాయో చూడు" అన్నాడు. అది చూసేలోపల లాగడం అయిపోయింది. వెదురు బద్దలు పెట్టి, మినప్పిండీ గుడ్డు సొనా పూసిన గుడ్డ చుట్టి, అరచెయ్యి పైకి తిరిగి ఉండేలా కట్టు కట్టాడు. "ఎముక పైముక్క ఆకాశం చూస్తా ఉండాది. దాన్ని తిప్పేదానికి మన చేత కాదు. కింది ముక్కనే ఆకాశం చూడనీయాల. ఇర్వై ఒక్క దినాలు ఎవరూ ముట్టొద్దండి" అని మూడుసార్లు చెప్పి వెళ్ళాడు.

నాలుగో రోజుకు చెల్లెలు ఏడుపు మొదలుపెట్టింది. నొప్పి కన్నా సిగ్గు ఎక్కువ. అరచెయ్యి ఎప్పుడూ పైకి చాపి ఉండటం చూసి పక్కింటి పిల్లలు దాని చేతిలో చింతగింజలు వేసి పోతున్నారు. "అడుక్కునేదాని మాదిరి ఉండాదన్నా, కొంచెం తిప్పి కట్టన్నా" అని నన్ను బతిమాలింది. అప్పటికి నా పుస్తకంలో ముంజేతి పాఠం సగం అయింది. బొటనవేలు పైకి ఉండేలా చేతిని మధ్యస్థంగా ఉంచితే ముంజేతికి విశ్రాంతి అని అందులో ఒక వాక్యం ఉంది. విరిగిన చోటును బట్టి ఆ నియమం మారుతుందని తరువాతి పుటలో ఉంది. ఆ పుట నేను ఇంకా తిప్పలేదు.

మధ్యాహ్నం అమ్మ రేషను దుకాణానికి వెళ్ళింది. మిద్దె మీద, ఎముకల డబ్బా పక్కనే, చెల్లెల్ని కూర్చోబెట్టుకుని మామ కట్టు విప్పాను. మామే ఇలా మార్చమని, అమ్మతో అనవద్దని చెప్పిపోయాడని దానికి అబద్ధం చెప్పాను. అది నమ్మి చెయ్యి చాచింది. అరచేతిని మెల్లగా లోపలివైపుకు తిప్పుతుంటే నా వేళ్ళకింద ఏదో చిన్నగా జరిగింది. పెద్ద చప్పుడేమీ కాదు, నీళ్ళలో నానిన శనగగింజ పొట్టులోంచి జారినట్టు. చెల్లెలు ఒక్కసారి ఊపిరి బిగబట్టి, తరువాత హాయిగా ఉందంది. అది గుడ్డ సర్దుకోవడం అనుకున్నాను. అనుకోలేదు, అలా అనుకోవాలని నిర్ణయించుకున్నాను. ఆ బద్దలే పెట్టి, ఆ గుడ్డే చుట్టి, ప్రథమచికిత్స తరగతిలో నేర్పిన ముడి వేశాను. చెయ్యి వాపు తగ్గి దానంతటదే తిరిగిందని అమ్మకు చెప్పాను. డాక్టరు చదివే కొడుకు చెప్పాక అమ్మ ఇంకేమీ అడగలేదు.

ఇరవై ఒకటో రోజు మామ వచ్చాడు. గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూనే చెల్లెలి చెయ్యి చూసినట్టున్నాడు, కడుక్కున్న కాళ్ళే మళ్ళీ కడుక్కున్నాడు. లోపలికి వచ్చి కూర్చుని, దాని చేతిని ఒళ్ళోకి తీసుకుని, ముడి చూశాడు. తరువాత తలెత్తి నన్ను చూశాడు. కోపం లేదు. పోగు తెగిన చోటును వెతికేటప్పుడు మగ్గం దగ్గర ఎలా చూస్తాడో అలా చూశాడు. అమ్మ దగ్గరికి వచ్చేలోపల ఆ ముడి విప్పేసి, గుడ్డను ఉండచుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఎముక అతికింది. కాని చెయ్యి అరచెయ్యి లోపలివైపుకు చూసేంత వరకే తిరిగి, ఆపైన ఎంత ప్రయత్నించినా పైకి తిరగలేదు. తీర్థానికి చాచినట్టు చాచమని అమ్మ అంటే, పాపం అది భుజం వంచి, నడుము వంచి చాచడానికి చూసింది. మళ్ళీ విరిచి సరిగా కడతానన్నాడు మామ.

"ఇంక నా బిడ్డను ముట్టొద్దన్నా! కట్టెముక్క చేసి పెట్టినావు కదా దాని చేతిని!" అని అమ్మ అరిచింది.

"నా చెయ్యి తప్పిందమ్మా" అన్నాడు మామ. అంతే అన్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. రెండడుగులు ముందుకు వేసి ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. ఆ వాక్యం నోటిలో ఉంది కూడా. కాళ్ళూ చేతులూ నావి కానట్టు, చదువుకునే ఎముకల్లాగా ఎవరో తగిలించి నిలబెట్టినట్టు, అలాగే నిలబడ్డాను.

బస్సుదాకా ఆయనతో నడిచాను. బస్సు ఇంకా పొయ్యి రాజేసుకుంటోంది. మామ ఉండచుట్టిన గుడ్డను నా చేతిలో పెట్టి, "మా ఇంటి కట్టుబాటు నీకు తెలుసు కదప్పా" అన్నాడు. "తెలుసు మామా" అన్నాను. "తప్పిన చెయ్యి మళ్ళీ ఎముక పట్టకూడదు. నాది ముసిలి చెయ్యి, ఇంకెన్నాళ్ళు పట్టేది? నీది ఇప్పుడే మొదులుపెట్టిండాది. బాగా చదువుకో. చదివినంక ముట్టు" అన్నాడు. నేను ఏడ్చి ఉంటే బాగుండేది. బస్సు కదిలేదాకా పొగలో నిలబడి ఇంటికి వచ్చేశాను.

తరువాతి వారం చెల్లెల్ని ఆస్పత్రిలో చూపించాం. ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు ఎత్తిపట్టి మా అధ్యాపకుడు విద్యార్థులకు పాఠం చెప్పాడు. ఇంత పైన విరిగితే అరచెయ్యి పైకి ఉంచి కట్టాలి, నాటువైద్యులకు ఈ సంగతి ఏం తెలుస్తుంది అన్నాడు. అందరూ రాసుకున్నారు. ఆ వరుసలో నేనూ ఉన్నాను. నేనూ రాసుకున్నాను.

ఆ తరువాత ఆనేకల్‌లో ఎవరు ఏ చెయ్యి పట్టుకొచ్చినా మామ మగ్గం దిగలేదట. బండిలో మూలుగుతూ వచ్చినవాళ్ళను కూడా, తన చెయ్యి తప్పిందని చెప్పి బెంగుళూరు ఆస్పత్రికి పంపేవాడట. అమ్మ ఆయనతో మాట్లాడటం మానేసింది. నాలుగేళ్ళ తరువాత ఆయన పోయిన రోజున వెళ్ళి, వాకిట్లోనే నిలబడి వచ్చింది. అమ్మకు నేను చెప్పలేదు. అమ్మ కూడా ఇప్పుడు లేదు.

నేను చదువు ముగించాను. ముగించి, విరిగిన ఎముక మీద చెయ్యి వెయ్యలేకపోయాను. జబ్బుపడ్డవాళ్ళను చూడగలిగేవాణ్ణి, ఎవరైనా వంగిన చెయ్యి పట్టుకుని వస్తే నా వేళ్ళలోంచి ప్రాణం పోయేది. అందుకే అస్థిపంజరం పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరి, ఇరవై ఏళ్ళుగా ప్రతి ఏడూ పిల్లలచేత చేతులు చాపించి, అరచెయ్యి పైకి, అరచెయ్యి కిందికి తిప్పించి, నిలిచే ఎముక చుట్టూ తిరిగే ఎముక ఎలా దొర్లుతుందో చూపిస్తున్నాను. మామ తన విద్య వదులుకుని నాకు మిగిల్చిన చేతిని నేను వాడలేదు. నిజం చెప్పాలంటే నేను రాయవలసిన తప్పు ఇదే. కట్టు విప్పడం పద్దెనిమిదేళ్ళవాడి తెలివితక్కువతనం, ఇది కాదు.

బుధవారం చెల్లెలి ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. అది చపాతీపిండి పిసుకుతోంది. కుడి మోచేతిని పక్కకు ఎత్తి, భుజంతో ఒత్తి పిసకడం దాని పద్ధతి, చూసేవాళ్ళకు అలవాటైపోయింది. చెప్పడం అయ్యేదాకా పిండి ఆపలేదు.

"అయితే మార్చమని మామ నీతో చెప్పనే లేదా?" అని అడిగింది.

"లేదు."

"మామ మళ్ళా ఎవరికీ కట్టలేదు."

"లేదు."

"నువ్వూ ముట్టలేదు."

"లేదు."

పిండి ముద్దను తిప్పి మళ్ళీ ఒత్తింది. "మంచి చేతులు రెండూ మడిచి పెట్టుకున్నారు కదన్నా మీ మామా అల్లుళ్ళు. చూడబోతే పని చేసింది నా వంకర చెయ్యొక్కటే" అంది. ఆ తరువాత, కొడుకు వచ్చాక ఈ మాట వాడికి నేనే చెప్పాలనీ, తాను చెప్పననీ అంది. చపాతీలు తిని వెళ్ళమంది. తిన్నాను.

ఇప్పుడు పిల్లల చేతులు విరిగితే తెల్లటి సున్నపు కట్టు వేస్తున్నారు. లోపలి ఎముక ఫోటోలో కనబడుతుంది. కళ్ళు మూసుకుని వేళ్ళతో వెతకవలసిన పని లేదు. నయమే. ఇప్పటి వైద్యం గురించి నాకు ఫిర్యాదు లేదు, ఆ రోజే ఆస్పత్రిలో అలాంటి కట్టు పడి ఉంటే మా చెల్లెలు రెండు చేతులతో దోసిలి పట్టేది. కాని ఆ కట్టుకు ముడి ఉండదు. ఎవరు కట్టారో, ఎవరు మార్చారో చూసి చెప్పడానికి ఏమీ మిగలదు. తన చెయ్యి తప్పిందని అనడం సరే, తనది కాని తప్పును తన చేతిమీద వేసుకుని మగ్గం దగ్గరికి వెళ్ళి కూర్చునేవాళ్ళు ఇప్పుడు ఎక్కడైనా ఉన్నారేమో నాకు తెలియదు. నేను చూసింది మామ ఒక్కణ్ణే. ఆయన్ను నవ్వులపాలు చేసే మాటకు ముప్పై ఏళ్ళు తల ఊపాను.

ఈ ఉదయం మేనల్లుడు వచ్చాడు. ఎముకలు చాప మీద పరిచి ఉండగానే వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాను. వాడు ఈసారి నవ్వలేదు. తిరిగే ఎముకను చేతిలో అటూఇటూ తిప్పుతూ ఉండిపోయాడు. వాటినన్నిటినీ కాగితాల్లో చుట్టి, డబ్బాలో సర్ది, తాడు కట్టి ఇచ్చాను. మామ ముడి కోసం రెండుసార్లు ప్రయత్నించాను. రాలేదు. చివరికి నాకు వచ్చిన ఆ ముడే వేసి పంపించాను.