రెండోసారికి దాచిన చరణం

మొన్న బుధవారం మధ్యాహ్నం భోజనమై, కంచం కడిగి బోర్లించి, ఇక సాయంత్రం దాకా ఏం చెయ్యాలిరా భగవంతుడా అనుకుంటూ తెల్లాపూర్‌లోని మా అమ్మాయి వాళ్ళ పద్నాలుగో అంతస్తు హాల్లో కూర్చుని ఉంటే, మా అన్న కూతురు నా ఫోనుకి ఒక వీడియో పంపింది. పోయినేడు మా అన్న పోయాక బీరువా సర్దుతుంటే అడుగున పాత క్యాసెట్టు ఒకటి దొరికిందట, బూజు పట్టిన దాన్ని షాపులో ఇచ్చి శుభ్రం చేయించి ఫోనులోకి ఎక్కించిందట. అత్తా, ఇందులో నాన్న పాడతాడు, నీ హార్మోనియం కూడా వినిపిస్తుంది, చూడు అని రాసింది. చూడు అనడం ఎంత తేలిక! ముప్ఫై ఏళ్ళ పైచిలుకు నేను చూడకుండా తప్పించుకు తిరిగిన క్యాసెట్టు అది.

చూడాలా వద్దా అని కాసేపు తటపటాయించి, చివరికి అల్లుడు నేర్పిన విధంగా దాన్ని టీవీలోకి పంపాను. ఆ గదిలో అమ్మాయి, ఈ గదిలో అల్లుడు, ఇద్దరూ చెవులకు డిప్పలు తగిలించుకుని ఎవరి ఆఫీసులో వాళ్ళున్నారు. బొమ్మ రాకముందే హార్మోనియం గుయ్యిమంది. అంతే, తలుపు సందులోంచి అమ్మాయి, "అమ్మా ప్లీజ్, కాల్‌లో ఉన్నా, సౌండ్ తగ్గించవా" అంది. దాని తప్పేమీ లేదు, దాని ఉద్యోగం అది. తగ్గించాను. పుట్టెడు జనం పగలబడి నవ్విన నాటకాన్ని దోమ రొద మాదిరి వింటూ కూర్చున్నాను.

మాది ఆదోని. అప్పట్లో నేను బాలికల పాఠశాలలో సంగీతం టీచరుని, మా అన్న తాలూకాఫీసులో గుమాస్తా. పగలంతా భూముల కాగితాల మధ్య తల వంచుకుని ఉండే మనిషి, సాయంత్రమయ్యేసరికి రిహార్సల్ గదిలో తల ఎత్తేవాడు. మా నాటక సమాజం వాళ్ళు మూడు తరాలుగా ఆడుతున్న సంగీత హాస్య నాటకం ఒకటుండేది. దాన్ని మా తాత చూశాడు, నాన్న చూశాడు, మేము ఆడాము. కథ చెబితే మీకూ నవ్వొస్తుంది. ఒక జమీందారుకి సంగీతం పిచ్చి ముదిరి, తన ఇంట్లో ఎవరూ మాట్లాడరాదు, ఏది చెప్పినా పాటలోనే చెప్పాలి అని శాసనం చేస్తాడు. కూరలవాడు కూడా వంకాయల ధర రాగంలోనే చెప్పాలి. రెండో అంకంలో వంటింటికి నిప్పంటుకుంటుంది. వంటవాడు గరిటె చేత పట్టుకుని పరుగెత్తుకొచ్చి ఆ మాట చెప్పాలి, కానీ మాట్లాడితే ఉద్యోగం ఊడుతుంది. ఇక చూడండి, నిలబడి, గొంతు సవరించుకుని, కళ్యాణి రాగంలో తాపీగా ఆలాపన మొదలుపెడతాడు. వెనకాల తెర మీద ఎర్రలైటు పెరుగుతూ ఉంటుంది. "అగ్గి పుట్టెను దొరా" అనే మాట దగ్గరికి వచ్చేసరికి జమీందారు స్వరం తప్పిందని ఆపి, మళ్ళీ మొదటినుంచి పాడమంటాడు!

ఆ వంటవాడు మా అన్న. వేరే ఊళ్ళలో హీరోలని చూడడానికి వస్తారు, మా ఊళ్ళో వంటవాడిని చూడడానికి వచ్చేవాళ్ళు.

మన తరం వాళ్ళకి వన్స్ మోర్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పద్యం నచ్చితే జనం అరిచేవాళ్ళు, నటుడు మళ్ళీ పాడేవాడు, కథ ఎక్కడున్నా సరే. చచ్చిపడిన రాజు లేచి కూర్చుని, పద్యం ఇంకోసారి అందుకుని, మళ్ళీ చచ్చిపోవడం మనందరం చూసినవాళ్ళమే, అదేమీ మనకు వింతగా అనిపించేది కాదు. అయితే జనానికి తెలియని సంగతి ఒకటుంది. ఆ వన్స్ మోర్ ఇవ్వాలా వద్దా అన్నది నటుడి గొంతులో కాదు, హార్మోనియం వాయించేవాళ్ళ చేతిలో ఉంటుంది. జనం అరుస్తున్నప్పుడు నటుడు ఒక్క క్షణం పక్కకి చూస్తాడు. మేము మళ్ళీ శ్రుతి అందిస్తే పాడతాడు, తర్వాతి సీను వరస ఎత్తుకుంటే నోరు మూసుకుని వెళ్ళిపోతాడు. వేదిక పక్కన కూర్చునే నాకు నెలకి వచ్చేది ఎంతైనా, ఆ ఒక్క క్షణం మాత్రం నేనే మహారాణిని.

మా అన్న రెండోసారి పాడితే అది మొదటిదిలా ఉండేది కాదు, అదీ అతని గొప్ప. మొదటిసారి నాటకంలో ఉన్నదున్నట్టు పాడేవాడు. రెండోసారికి సొంతంగా ఒక చరణం కట్టి తెచ్చేవాడు, ఏ ఊరికి తగ్గట్టు ఆ ఊరికి. నీళ్ళకు కటకటలాడే ఒక ఎండాకాలం మా ఊళ్ళో, ఫైరింజను వచ్చింది గాని దొరా, దానికే దాహమేస్తోంది దొరా అని పాడితే, ముందు వరసలో కూర్చున్న మునిసిపాలిటీ వాళ్ళు కూడా కడుపు పట్టుకున్నారు. ఆ చరణం ఏమిటో ముందుగా ఎవరికీ చెప్పేవాడు కాదు, నాకు కూడా. నేను బతిమాలినా, కసిరినా, కాఫీ ఇవ్వనని బెదిరించినా నవ్వేవాడే గాని నోరు విప్పేవాడు కాదు. అక్కడ అందరితో పాటు నువ్వూ నవ్వాలి, ముందే తెలిస్తే నీ చెయ్యి నవ్వదు అనేవాడు.

ఇక ఆ క్యాసెట్టు సంగతి. కర్నూలులో పెద్ద హాల్లో పగటిపూట ఆట కుదిరింది. మూడు తరాల నాటకం కదా, ఒక్కసారైనా వీడియో తీయించుకుందామని అందరం తలా కాస్త వేసుకుని పెళ్ళిళ్ళు తీసే కెమెరా అతన్ని మాట్లాడాం. అతను ముందే చెప్పాడు, క్యాసెట్టు మూడు గంటలదే, మీరు ఇష్టమొచ్చినట్టు వన్స్ మోర్లు ఇచ్చుకుంటూ పోతే చివరి సీను ఉండదు, టైము దాటేట్టుంటే నేను చెయ్యి ఎత్తుతాను అని. అందరూ నా వైపు చూశారు. నేను సరేనన్నాను.

ఆ మధ్యాహ్నం మేకప్ వేసుకుంటూ మా అన్న నన్ను పిలిచి, "పాపా, ఈ పొద్దు రెండోసారికి ఒకటి పెట్టినా. నువ్వు పడీపడీ నవ్వుతావు సూడు" అన్నాడు. మొహమంతా తెల్లపొడి, కళ్ళు మాత్రం మిలమిల. ఏందన్నా అది అంటే అలవాటుగా నవ్వి ఊరుకున్నాడు.

పాట అయింది. హాలు హాలంతా లేచి నిలబడి వన్స్ మోర్ అంది. మా అన్న గరిటె భుజాన వేసుకుని నా వైపు చూశాడు. నేను తర్వాతి సీను వరస ఎత్తుకున్నాను.

కెమెరా అతను చెయ్యి ఎత్తాడు, అందుకే అలా చేశాను అని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకొచ్చాను, నాకు నేను కూడా చెప్పుకున్నాను. పోయేకాలం దగ్గరపడుతున్న మనిషిని, ఇప్పుడెందుకు దాపరికం? అతను ఎత్తలేదు. నేను అతని వైపు చూడనే లేదు. చివరి పెళ్ళి సీనులో హార్మోనియం ఒక్కటే వాయించే ముక్క ఒకటుంది, రెండు నిమిషాలు, పూర్తిగా నాదే. అది క్యాసెట్టులో పడాలని నా ఆశ. ఆడపిల్ల హార్మోనియం పట్టుకుని ఊళ్ళు తిరగడమేమిటని మూతులు తిప్పిన చుట్టాలందరికీ వేసి చూపించాలని ఆశ. మా అన్న పాటలు ఇంకా వెయ్యి వింటాం కదా, ఒక్కటి పోతే ఏమైంది అనుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. సిగ్గేసి నేను కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. ఎమ్మిగనూరు దాటాక, "పోనీలే పాపా, క్యాసెట్టన్నా మిగుల్తాది" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. ఆ చరణం ఏమిటన్నా అని అప్పుడైనా అడగొచ్చు కదా, అడగలేదు. వచ్చే ఆటలో ఎలాగూ పాడతాడులే అనుకున్నాను. వచ్చే ఆట రాలేదు. ఆరు నెలలకే గొంతులో గడ్డ, ఆపరేషన్. బతికాడు, మాట బొంగురుగా వచ్చేది, పాట మాత్రం పోయింది. ఆ తర్వాత అడగడమంటే పుండు మీద కారం చల్లడమే. పండగలకీ పబ్బాలకీ కలుసుకునేవాళ్ళం, పిల్లల చదువుల గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుకునేవాళ్ళం, ఆ పాట ఊసు మాత్రం ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు.

బుధవారం నాడు టీవీలో అదంతా మళ్ళీ చూశాను. బొమ్మ అలుక్కుపోయినట్టుంది, మనుషుల చుట్టూ రంగులు కారుతున్నాయి. అయినా మా అన్న మా అన్నే. ఆలాపన దగ్గర ఆ గడ్డం పైకెత్తడం, ఆ గరిటెతో తాళం. నాకు తెలియకుండానే నవ్వాను, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. జనం అరుస్తున్నారు, అన్న పక్కకి చూశాడు. నేను బొమ్మలో లేను, అంచున నా చెయ్యి మాత్రం, ఎర్ర గాజులు రెండు, కనిపిస్తోంది. ఆ చెయ్యి కదిలింది. అన్న మొహంలో నవ్వు అలాగే ఉండి, కళ్ళు మాత్రం కిందికి దిగాయి. పంచె ఎగగట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

నా రెండు నిమిషాల ముక్క కూడా వచ్చింది. అప్పటికి జనం చెప్పులు వెతుక్కుంటూ లేస్తున్నారు. కుర్చీల గరగరలో నా హార్మోనియం సగం వినబడనే లేదు. దీని కోసమా తల్లీ అనుకున్నాను. సరే, తెర పడింది, అయిపోయింది కదా అని చూస్తే బొమ్మ ఆగలేదు. కెమెరా అతను ఆపడం మరిచిపోయి కాఫీకి వెళ్ళినట్టున్నాడు. ఖాళీ కుర్చీలు. ఎవరో తివాచీ చుడుతున్నారు. చూస్తే మా అన్నే, మేకప్ సగం తుడుచుకుని. అలా కుర్చీలూ గోడలూ పడుతూనే ఉన్నాయి. కింద అంకెలు లెక్కపెట్టాను. పన్నెండు నిమిషాలు. ఆ పాటకి పట్టేది నాలుగు.

అలా కూర్చుని ఉన్నప్పుడే పనికి వచ్చే ఆవిడ వచ్చింది. ఇక్కడి మనిషే, ఈ టవర్లు లేచిన నేలలో వాళ్ళ జొన్నచేలుండేవట. చీపురు పట్టుకుని నిలబడి, "ఏందమ్మా, గింత సప్పుడు తక్కువ పెట్టుకొని సూస్తున్నవ్? జర నాకు గూడ సూపియ్యి" అంది. పాట దగ్గరికి వెనక్కి జరిపి పెట్టాను. ఇల్లు కాలుతుంటే ఈయన రాగాలు తీస్తుండు సూడు అంటూ, పైట నోట్లో కుక్కుకుని నేల మీద కూలబడి నవ్వింది. మా ఇంట్లో ఎన్నాళ్ళకో ఇద్దరు మనుషులు ఒకేసారి నవ్వాం. పాట అయ్యాక కళ్ళు తుడుచుకుని, "మల్లొక్కసారి పెట్టమ్మా" అంది.

మళ్ళీ వెనక్కి జరిపి పెట్టాను. అదే ఆలాపన, అదే గరిటె, అదే మాట. ఆవిడ ఈసారి కాస్త తక్కువ నవ్వింది. గదే పాటనా అమ్మా, ఇంకేం లేదా అంది. ఇంతే ఉంది అన్నాను. ఇగ పోతనమ్మా, పైన పదహారుల లేటైతే ఒర్లుతరు అంటూ గబగబా ఊడ్చి వెళ్ళిపోయింది.

హాల్లో మూలన నా హార్మోనియం ఉంది. అందంగా ఉంటుందని మా అమ్మాయి దాని మీద మనీప్లాంటు తొట్టి పెట్టింది. తొట్టి దించి, తడి తుడిచి, మూత తీశాను. అన్న నా వైపు చూసే చోట బొమ్మని ఆపి, అతని శ్రుతికి సరిపోయే మెట్ల మీద వేళ్ళు పెట్టి నొక్కాను. తిత్తి మాత్రం కదపలేదు, లోపల మీటింగు నడుస్తోంది కదా. తిత్తి కదపకపోతే హార్మోనియం పలకదు. అన్న అలాగే చూస్తూ ఉన్నాడు, నేను అలాగే నొక్కి పట్టుకుని ఉన్నాను, వేళ్ళు నొప్పి పుట్టేదాకా.

ఇప్పుడు ఏ పాటనైనా ఎన్నిసార్లైనా చూసుకోవచ్చు, ఎవరినీ అడగనక్కర్లేదు, ఎవరి చేతికేసీ చూడనక్కర్లేదు. మంచిదే, కాదనను. కానీ మన కాలంలో రెండోసారి అన్నది పదిమంది కలిసి అడిగితే గాని వచ్చేది కాదు, వస్తే మొదటిదానికంటే ఒక చరణం ఎక్కువే తెచ్చేది. ఆ రోజు హాలు హాలంతా లేచి నిలబడి అడిగింది. మా అన్న ఇద్దామనే నిలబడ్డాడు. నేనే ఇవ్వనివ్వలేదు.