స్పీకర్ల మీద గుడ్డ

పెద్దమ్మ పోయిందని పొద్దున్నే జమ్మలమడుగు నుంచి ఫోను వచ్చింది. ఆమె మా అమ్మకు అక్క, బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. పులివెందులలో బస్సెక్కి కూర్చున్నాక కూడా నాకు ఏడుపు రాలేదు. ఈ మధ్య చావులకు పోయి పోయి ఓపిక చచ్చిపోయింది. ఆ ఇంట్లో "వచ్చినావా అప్పా" అనే గొంతు ఇక ఉండదన్న సంగతి ముద్దనూరు దాటాక తట్టింది. అప్పుడు ఏడ్చాను.

గొంతుల విషయంలో ఆమెకు పట్టింపు ఎక్కువ. "అరిచేవాళ్ళది శబ్దం వినపడతాది, మాట వినపడదు" అని క్లాసులో పిల్లలకు చెప్పేది. పెదనాన్న పురోహితుడు. ఒక ఉగాదినాడు ఆయన గుడిలో పంచాంగం చదువుతుంటే ఎవరో క్యాసెట్టులోకి ఎక్కించారు. ఆయన పోయాక మిగిలిన గొంతు అదొక్కటే. నేను దాన్ని పెన్‌డ్రైవులో వేసి ఇస్తే, ఇంట్లో ఉన్న చిన్న స్పీకరు డబ్బాలో పెట్టుకుని వినేది. ఎప్పుడో అయిపోయిన సంవత్సరంలో వానలు ఎట్లా కురుస్తాయో, ధాన్యం ధర ఎట్లా ఉంటుందో అంత శ్రద్ధగా వినే మనిషిని మీరూ చూసి ఉండరు.

"ఈ డబ్బాలో మీ పెదనాయన పడిశెం పట్టినట్ల మాట్లాడతాండాడు. మంచి స్పీకర్లు కొందాం, ప్రొద్దుటూరుకు రాప్పా" అంది ఒకసారి.

ఆ ఎండలో తిరిగిన తిరుగుడు తలుచుకుంటే ఇప్పటికీ కాళ్ళు పీకుతాయి. ఏ అంగడికి పోయినా ముందు సినిమా పాట పెట్టి షట్టర్లు అదరగొట్టేవారు. పెద్దమ్మ చెయ్యెత్తి ఆపించి, పెన్‌డ్రైవు ఇచ్చి, కళ్ళు మూసుకుని కూర్చునేది. ఆ స్పీకరు పెట్టెల్లో లావు శబ్దానికి కింద ఒక కోను, సన్న శబ్దానికి పైన ఇంకొకటి. ఆమెకు అదే సరిపడలేదు.

"మనిషికి నోరు ఒకటే గదప్పా. దీంట్లో సగం మాట కిందినుంచి, సగం పైనుంచి వస్తాంది."

"ఏదో ఒకటి తీసుకో పెద్దమ్మా" అన్నాను, విసుగొచ్చి.

"నచ్చకపోతే ఇంకొకరికి పెట్టేకి ఇదేమన్నా చీరనా?"

చివరికి ఒక సందులో, రేడియోలు బాగుచేసే అంగట్లో, పెట్టెకు ఒకే ఒక కాగితపు కోను ఉన్న జత దొరికింది. అంగడాయన ఏదీ దాచలేదు. "దడదడ కొట్టేది దీంట్లో రాదుమ్మా. శానా గట్టిగా పెడితే గొంతు చీలతాది. ఎదురుగ్గా కూచోని వినల్ల, పక్కనుంటే సగమే వినపడతాది. చిన్న రూములో మాట వినేకైతే మాత్రం ఇదే మేలు."

పెన్‌డ్రైవు పెట్టాడు. పెదనాన్న పేజీ తిప్పి చిన్నగా దగ్గాడు. పెద్దమ్మ కళ్ళు తెరిచి, "ఆ, ఈయనే" అంది. అంతే, ఇంకో అంగడి ఎక్కలేదు.

మా ఇళ్ళల్లో కొత్త వస్తువు ఏది వచ్చినా దాని మీద గుడ్డ పడాల్సిందే. టీవీకి గుడ్డ, మిక్సీకి గుడ్డ. పెద్దమ్మ కూడా దుమ్ము పడుతుందని దళసరి గుడ్డ మీద నెమళ్ళు కుట్టి స్పీకర్లకు తొడుగులు చేసింది. కొన్నాళ్ళకు ఫోను వచ్చింది. ఆమె గొంతు అంత బేలగా ఎప్పుడూ వినలేదు.

"నాకు చెవులు పోతాండాయప్పా. ఆయన మాటలు దూరమైతాండాయి."

చెవుల డాక్టరుకు చూపిద్దామని వెళ్ళాను. చూస్తే ఏముంది, రెండు స్పీకర్ల మొహాల మీదా నెమళ్ళు. లాగేశాను. పెదనాన్న గదిలోకి వచ్చి కూర్చున్నట్టు మాట్లాడాడు. పెద్దమ్మ కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "ముసుగేసి ఆయన్ని మాట్లాడమంటి గదప్పా! ఊరికే నా చెవుల్ని తిట్టుకుంటి." తొడుగులు మడిచి గూట్లో పెట్టేసింది.

కిందటి నెల చూడబోయినప్పుడు బాగా చిక్కిపోయి ఉంది. స్పీకర్లకు ఎదురుగా తన కుర్చీలో కూర్చుని, ఎప్పటిలా కళ్ళు మూసుకుని పంచాంగం వింటోంది. కాసేపటికి మొహం చిట్లించింది.

"అప్పా, మళ్ళా ఎవరో గుడ్డ కప్పినారు. తీయి."

గుడ్డ లేదు. లేచి వెళ్ళి, స్పీకర్ల దగ్గర కాసేపు నిలబడి, సౌండు కొంచెం పెంచి వచ్చాను.

"ఆ, ఇప్పుడు బాగుంది" అంది.

ఆ ఒక్క గొంతు కోసం నన్ను ఊరంతా తిప్పింది గనుకే నాకు వినడం కొంచెమైనా వచ్చింది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఇక్కడ మీకు చెప్పుకుంటున్నాను.

శ్మశానం నుంచి వచ్చి, స్నానాలు చేసి, అందరం ఆ గదిలోనే గోడకు జారగిలబడ్డాం. ఇంటినిండా జనం, దుమ్ము పడుతుందని ఎవరో గూట్లోని తొడుగులు తీసి స్పీకర్లకు తొడిగారు. కుర్చీ మాత్రం ఎదురుగా అట్లాగే ఉంది. ఈసారి గుడ్డ నిజంగానే ఉంది. లేచి వెళ్ళి తీశాను.