అవునని కొట్టమన్న సారు

మా ల్యాబ్ సారు పోయారని గురువారం ఉదయం ఆత్మకూరు నుంచి ఫోన్ వచ్చింది. అప్పుడే ఉదయగిరిలో నా నెట్ సెంటర్ షట్టర్ ఎత్తుతున్నాను. మళ్లీ దించేసి బస్సెక్కాను. దారంతా ఏడవాలో వద్దో తేలలేదు.

కంప్యూటర్ని టైపు చేసిన ఆదేశాలతో నడిపే లినక్స్ నాకు ఆయనే నేర్పారు. ఆత్మకూరు కాలేజీలో ఆయన కింద ల్యాబ్ అసిస్టెంటుగా చేరేనాటికి నాకు ఆ నల్లటి తెరంటేనే భయం. ఆయన పాత పళ్ల బ్రష్షుతో కీబోర్డులు దులుపుతూ పాఠం చెప్పేవారు. ఎంటర్ కొట్టే ముందు తెర మీది ప్రతి వరుసా నాతో పైకి చదివించేవారు.

"మిషన్ అడిగేది చదవకుండా కొట్టబాక. అర్థం కాకుంటే నన్నడుగు. నేనుండాను గదా" అనేవారు.

ఆ మాట నమ్ముకుని మూడేళ్లు పనిచేశాను.

మూడో ఏడాది కాలేజీ సర్వర్లో పాత డేటాబేస్ ప్రోగ్రాం తీసేసి కొత్తది వేశారు. అలా తీసేసిన ప్రోగ్రాంల పేర్లు సర్వర్ జాబితాలో ఇంకా మిగిలే ఉన్నాయి. ప్రోగ్రాం పోయినా దాని సెట్టింగులూ, అది దాచిన సమాచారమూ డిస్కులో ఉండిపోతాయి. కాలేజీ తనిఖీకి ముందు ఆ పనికిరాని పేర్లన్నీ శుభ్రం చేయమని సారు నాకు చెప్పారు. ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాను. డేటాబేస్ దగ్గరికి రాగానే తెర ఆగి, డేటా కూడా చెరిపేయాలా అని అడిగింది. నేను కీబోర్డు మీంచి చేతులు తీసి ఆయన్ని పిలిచాను.

"సార్, డేటా కూడా పోతాదంట. పిల్లల ప్రాజెక్టులు దీంట్లో ఉండాయేమో."

"అదంతా కొత్తదాంట్లోకి ఎక్కించినాన్లే అమ్మా. అవునని కొట్టు."

కొట్టాను.

ఆయన ఎక్కించలేదు. మధ్యాహ్నం ఫైనలియర్ పిల్లలు వచ్చి చూసుకుంటే మూడు నెలల పని మాయమైంది. వేరే కాపీ లేదు. ఒకమ్మాయి కుర్చీలోనే కూర్చుని ఏడ్చింది.

ప్రిన్సిపాల్ ఇద్దరినీ పిలిపించారు. "ఎవరు చెరిపేయమన్నది?" అని అడిగారు. నేను సారు వైపు చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"పేర్లు తీసేయమన్నాను సార్. డేటా జోలికి పోబాకని చెప్పినాను. తొందరపడింది."

పక్కనే నిలబడి ఉన్నాను. ఆయన చొక్కా అంచు నా చేతికి తగులుతూనే ఉంది. ఆ నెలాఖరుకి నన్ను రావద్దన్నారు. సామాను సర్దుకుంటుంటే సారు తలుపు దగ్గరికొచ్చి, "నీకేందమ్మా, పని వచ్చు. యాడైనా బతకతావు" అని వెళ్లిపోయారు.

బతికాను. ఆయన నేర్పిన పనితోనే బతుకుతున్నాను. అందుకే ఆయన్ని పూర్తిగా తిట్టుకోవడం కూడా నాకు చేతకాలేదు.

బస్సు దిగి సారు ఇంటికి వెళ్లేసరికి ఆయన భార్య నా చేయి పట్టుకున్నారు. "వచ్చినావా తల్లీ. మంచి ఉద్యోగం వచ్చిందని నువ్వే మానుకున్నావంట గదా. నిన్ను తలచుకోని వారం లేదు ఆయన" అన్నారు.

ఇంట్లో కూడా నిజం చెప్పలేదన్నమాట. ఆ ఇంటిలో నా పేరు చెడకూడదనుకున్నారో, తన పేరు చెడకూడదనుకున్నారో, ఇక అడిగేందుకు మనిషి లేడు. నేను తల ఊపాను.

సమాధుల తోటలో పెట్టె దించాక ఒక్కొక్కరూ వంగి పిడికెడు మట్టి వేస్తున్నారు. నా వంతు వచ్చింది. ఎర్రమట్టి తీసుకుని గుంత అంచున నిలబడ్డాను. వెనక వరుస ఆగిపోయింది. పాస్టరుగారు మెల్లగా, "వెయ్యమ్మా" అన్నారు. వేళ్ల సందుల్లోంచి కాస్త కాస్త రాలుతోంది. పిడికిలి మాత్రం తెరుచుకోలేదు.